లింక్డ్‌ఇన్ ప్రొఫైల్, పీడీఎఫ్ రెజ్యూమె రెండూ ఒకేలా ఉండాలా? ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లు ఏం చూసుకోవాలి?

కొత్తదారి (ప్రశ్న)

నమస్తే అండీ. అకౌంట్స్ పేయబుల్‌లో (సరఫరాదారుల బిల్లులు చెల్లించే విభాగం) 6 ఏళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు డేటా అనలిస్ట్ ఉద్యోగాలకి మారే ప్రయత్నం. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు అడిగే భాష), పవర్ బీఐ (చార్టులతో రిపోర్ట్‌లు చేసే సాఫ్ట్‌వేర్), ఎక్సెల్‌లో పవర్ క్వెరీ (డేటాని శుభ్రం చేసి కలిపే సాధనం) వచ్చు. ఉన్న ఉద్యోగం వదల్లేదు, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ ఉంది గానీ అందులో కంపెనీ పేర్లు తప్ప ఏమీ లేవు. పీడీఎఫ్ రెజ్యూమె రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్. కంపెనీల సైట్లలో దాన్ని అప్‌లోడ్ చేస్తే ఫారం దానంతటదే నిండుతుంది కదా, అక్కడ పేరు ఉండాల్సిన చోట "స్కిల్స్" అని పడుతోంది. ఒక కంపెనీ తేదీలు ఇంకో కంపెనీకి అతుక్కుంటున్నాయి. ఇది నా ఫైల్ తప్పా, వాళ్ల సైట్ తప్పా?

ఇంకొన్ని సందేహాలు. ప్రొఫైల్‌లోదీ రెజ్యూమెలోదీ ఒకేలా ఉండాలా? లింక్డ్‌ఇన్ ఇచ్చే పీడీఎఫ్‌నే పంపేస్తే పోదా? ప్రొఫైల్ మారుస్తుంటే ఆఫీసువాళ్లకి తెలిసిపోతుందా? ప్రాజెక్టులు చూపించడానికి సొంత వెబ్‌సైట్ ఉండాలా? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూసేయాలా?

రెజ్యూమె_రిపేరు

ముందు ఫారం సంగతి. తప్పు ఫైల్‌దే. అప్‌లోడ్ చేసిన రెజ్యూమెని చదివే సాఫ్ట్‌వేర్ (ఏటీఎస్ అంటారు, వర్క్‌డే, గ్రీన్‌హౌస్, లీవర్, టాలియో లాంటివి) పేజీని మన కంటితో చూడదు. ఫైల్ లోపల అక్షరాలు ఏ వరసలో దాచి ఉన్నాయో ఆ వరసలో లాగుతుంది. రెండు కాలమ్‌లుంటే ఎడమ కాలమ్‌లో ఒక లైను, కుడి కాలమ్‌లో ఒక లైను కలిపి చదివేయొచ్చు. లేదా ఎడమ పట్టీ మొత్తం ముందు చదివి, పేరుని ఆ తర్వాత ఎక్కడో చూడొచ్చు. మీ ఫైల్లో జరుగుతున్నది ఈ రెండోది. పేరు చోట "స్కిల్స్" పడటానికి కారణం అదే.

పరీక్షించడానికి డబ్బు కట్టి ఏ సైటుకీ వెళ్లక్కర్లేదు. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ, ఆ తర్వాత నోట్‌ప్యాడ్‌లో పేస్ట్. అక్కడ ఏ వరసలో కనిపిస్తోందో దాదాపు అదే ఏటీఎస్‌కి అందేది. అసలు ఏమీ పేస్ట్ కాలేదంటే మీ పీడీఎఫ్ ఒక బొమ్మ. కొన్ని డిజైన్ యాప్‌లు పేజీ మొత్తాన్ని చిత్రంగా మార్చి ఇస్తాయి, స్కాన్ చేసిన కాగితాలూ అంతే.

నోట్‌ప్యాడ్‌లో ఇవి చూడండి:

- పేరు, ఫోన్, ఈమెయిల్ పైన ఉన్నాయా? వర్డ్‌లో హెడర్, ఫుటర్ భాగాల్లో పెట్టిన వివరాల్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు వదిలేస్తాయి. వాటిని పేజీ అసలు భాగంలోకి దించండి.
- టెక్స్ట్ బాక్సుల్లో రాసినవి మాయమయ్యాయా, లేక చివరికి పోయాయా?
- ఫోన్ బొమ్మ, కవరు బొమ్మ ఉన్నచోట పిచ్చి గుర్తులు వచ్చాయా? ఆ బొమ్మలు తీసేసి మాటల్లో రాయండి.
- "సర్టిఫైడ్", "వర్క్‌ఫ్లో" లాంటి ఇంగ్లిష్ మాటల మధ్యలో అక్షరాలు ఎగిరిపోయాయా? ఎఫ్ పక్కన ఐ గానీ ఎల్ గానీ వస్తే కొన్ని ఫాంట్లు రెండింటినీ కలిపి ఒకే గుర్తుగా చేస్తాయి. ఆ గుర్తు చదవడం రాని సాఫ్ట్‌వేర్‌కి అక్కడ ఖాళీయే కనిపిస్తుంది. పేజీ మీద చూస్తే అంతా బాగానే ఉంటుంది, అదే చిక్కు. ఫాంట్ మారిస్తే లేదా వర్డ్‌లో లిగేచర్స్ ఆపేస్తే పోతుంది.

స్కిల్ ఎదురుగా ఐదు చుక్కల్లో నాలుగు నింపిన గ్రాఫ్‌లు కూడా తీసేయండి. సాఫ్ట్‌వేర్‌కి అవి కనపడవు, మనిషికి అర్థం కావు. ఎస్‌క్యూఎల్ 80 శాతం వచ్చు అంటే మిగతా ఏ 20 శాతం రాదని?

ఒకే కాలమ్, మామూలు హెడ్డింగ్‌లు: ఎక్స్‌పీరియన్స్, ఎడ్యుకేషన్, స్కిల్స్. "నా ప్రయాణం" లాంటి ముచ్చటైన పేరు పెడితే ఆ భాగం ఏమిటో యంత్రానికి తెలియదు. తేదీల్లో నెల తప్పనిసరి. ఉత్త "2019–2020" అని రాస్తే అది 2 నెలలూ కావచ్చు, 24 నెలలూ కావచ్చు. మీకు ఎన్నేళ్ల అనుభవమో లెక్కేసేటప్పుడు తేడా కొడుతుంది.

అన్నట్టు, "ఏటీఎస్ రెజ్యూమెల్ని తనంతట తానే చెత్తబుట్టలో వేస్తుంది" అన్న ప్రచారం నమ్మి భయపడకండి. వెంటనే తిరస్కరణ మెయిల్ వచ్చిందంటే ఎక్కువగా ఫారంలో అడిగే అవును-కాదు ప్రశ్నల వల్లే: అక్కడ పని చేసే అనుమతి ఉందా, ఫలానా అనుభవం ఇన్నేళ్లుందా, అలాంటివి. రెజ్యూమె సరిగ్గా చదవబడకపోతే జరిగే నష్టం వేరు. రిక్రూటర్ లోపల "పవర్ బీఐ" అని వెతికినప్పుడు మీరు జాబితాలో రారు. మిమ్మల్ని ఎవరూ తిరస్కరించరు, అసలు చూడరు. అందుకే ఆటోమేటిగ్గా నిండిన ఫారంలో ప్రతి గడీ చేత్తో సరిచేయకుండా సబ్మిట్ నొక్కొద్దు.

తెల్ల అక్షరాల్లో కీవర్డ్‌లు దాచే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. పైన చెప్పిన నోట్‌ప్యాడ్ పరీక్షలో అవి నల్లగా ఎదురుగా కనిపిస్తాయి. రిక్రూటర్ స్క్రీన్ మీదా అంతే.

నియామకాల_డెస్క్

ప్రొఫైల్, రెజ్యూమె ఒకేలా ఉండక్కర్లేదు, కానీ ఒకదాన్నొకటి కాదనకూడదు. ప్రొఫైల్ ఉన్నది వెతికేవాళ్లకి దొరకడానికి. రెజ్యూమె ఉన్నది ఒక ఫలానా ప్రకటనకి జవాబు చెప్పడానికి. కాబట్టి ప్రొఫైల్ ఒక్కటే, కాస్త విశాలంగా. రెజ్యూమె ప్రతి ఉద్యోగానికీ కొంచెం మారుతూ, 1 లేదా 2 పేజీల్లో. కంపెనీ పేర్లు, హోదాలు, చేరిన నెల, మానేసిన నెల, డిగ్రీ పేరు మాత్రం రెండిట్లోనూ అక్షరం పొల్లుపోకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి మొదట దొరికేది తేదీల తేడాయే. అబద్ధమని అనుకోకపోయినా అశ్రద్ధ అనుకుంటారు.

లింక్డ్‌ఇన్ ఇచ్చే "సేవ్ టు పీడీఎఫ్" పంపకండి. అందులోనూ ఎడమవైపు పట్టీ ఉంటుంది, అంటే పైన చెప్పిన జబ్బే. మీ దగ్గర దాచుకోవడానికి పనికొస్తుంది.

ఇక ప్రొఫైల్. రిక్రూటర్లు వెతికేది హోదా, స్కిల్, ఊరు, అనుభవం కలిపి. కొటేషన్ గుర్తుల్లో పదబంధం, మధ్యలో అండ్, ఆర్, నాట్ పెట్టి వడపోస్తారు. కాబట్టి వాళ్లు టైప్ చేసే మాట మీ పేజీలో ఉండాలి. "సంఖ్యల వెనక కథలు చెప్పేవాణ్ణి" అని హెడ్‌లైన్ (పేరు కింద కనిపించే లైను) పెట్టుకుంటే దానికోసం వెతికేవాళ్లు ఎవరూ ఉండరు.

హెడ్‌లైన్‌కి 220 అక్షరాల వరకు చోటుంటుంది, కానీ వెతుకులాట ఫలితాల్లో, ఫోన్‌లో మొదటి ముక్కే కనిపిస్తుంది. ముఖ్యమైన మాట ముందు రావాలి. మీ విషయంలో: "ఫైనాన్స్ డేటా అనాలిసిస్ | ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పవర్ క్వెరీ | అకౌంట్స్ పేయబుల్‌లో 6 ఏళ్లు". అకౌంట్స్ అనుభవాన్ని దాచకండి. మామూలు అనలిస్ట్‌కి ఇన్‌వాయిస్, పర్చేజ్ ఆర్డర్, గూడ్స్ రిసీట్ మూడూ సరిపోల్చడం అంటే ఏమిటో తెలియదు, మీకు తెలుసు. ఫైనాన్స్ టీములకి అనలిస్టుల్ని వెతికేవాళ్లకి ఆ కలయికే కావాలి.

అబౌట్ భాగానికి 2,600 అక్షరాలు ఇస్తారు. అంతా నింపక్కర్లేదు, "ఇంకా చూడు" నొక్కకముందు కనిపించే రెండు మూడు లైన్లలోనే అసలు విషయం ఉండాలి. ఒక్కో ఉద్యోగం కింద 2,000 అక్షరాలు పడతాయి. అక్కడ బాధ్యతల పట్టిక రాయకండి, చేసిన పని రాయండి. స్కిల్స్ విడిగా జతచేయండి, వాటిలో 5 ఎంచుకుని అబౌట్ దగ్గర పైన కనిపించేలా పెట్టండి. సంక్షిప్త నామం ఉన్న సర్టిఫికెట్ అయితే పూర్తి పేరూ పొట్టి పేరూ రెండూ రాయాలి, వెతికేవాళ్లు ఏది కొడతారో మనకి తెలియదు కాబట్టి.

అలంకారపు అక్షరాలతో (బోల్డ్‌లా, రాతలా కనిపించే యూనికోడ్ గుర్తులు) పేరు, హెడ్‌లైన్ రాసేవాళ్లున్నారు. అవి అక్షరాలు కావు, గణిత గుర్తులు. వెతుకులాటలో తగలకపోవచ్చు, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ వాటిని ఒక్కొక్కటిగా గుర్తు పేరుతో చదువుతుంది లేదా వదిలేస్తుంది.

ప్రొఫైల్ లింకు చివర అంకెల తోక ఉంటే "పబ్లిక్ ప్రొఫైల్ అండ్ యూఆర్ఎల్" దగ్గర మార్చుకోండి, పేరుతోనే ఉండేలా. ఈ మార్పు రెజ్యూమెలో లింకు పెట్టకముందే చేయాలి. తర్వాత చేసి రెజ్యూమెలో మార్చడం మరిచిపోతే పాత లింకు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

ఆఫీసుకి తెలియకుండా ఉండాలంటే వరస ముఖ్యం:

మొదట సెట్టింగ్స్‌లో విజిబిలిటీ కింద ప్రొఫైల్ మార్పుల్ని నెట్‌వర్క్‌కి తెలియజేసే స్విచ్ ఆపండి. ఆ తర్వాతే మార్పులు మొదలుపెట్టండి. ఒక్కరోజులో హెడ్‌లైన్, ఫొటో, 30 స్కిల్స్ అన్నీ మార్చకుండా రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా చేస్తే ఎవరి దృష్టికీ రాదు. "ఓపెన్ టు వర్క్" పెట్టేటప్పుడు రెండు దారులుంటాయి: అందరికీ కనిపించే ఆకుపచ్చ వలయం ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే కనిపించేది ఇంకోటి. మీకు రెండోది. మీ కంపెనీ రిక్రూటర్లకి కనపడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వదు. ప్రొఫైల్‌లో ప్రస్తుత కంపెనీని అసలైన కంపెనీ పేజీకి జతచేసి ఉంచితేనే ఆ దాపరికం పనిచేస్తుంది. పేరుని ఉత్తినే టైప్ చేసి వదిలేస్తే అది ఏ కంపెనీయో దానికి తెలియదు. బయటి ఏజెన్సీ రిక్రూటర్ మీ ఆఫీసుకి కూడా మనుషుల్ని వెతికిపెడుతుంటే మాత్రం ఏ సెట్టింగూ ఆపలేదు.

ఇంకోటి. ఆఫీసు ఈమెయిల్‌తో లింక్డ్‌ఇన్ ఖాతా ఉంటే ఈరోజే సొంత ఈమెయిల్‌ని ప్రధానంగా మార్చండి. ఉద్యోగం మానిన రోజు ఆ మెయిల్ పోతుంది, పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా కూడా పోయినట్టే.

గిట్టుబాటు

ప్రాజెక్టుల గురించి. సొంత డొమైన్ కొని సైట్ కట్టాల్సిన అవసరం అనలిస్ట్‌కి లేదు. గిట్‌హబ్‌లో (ప్రాజెక్టు ఫైళ్లు పెట్టి అందరికీ చూపించే సైట్) రెండు మంచి ప్రాజెక్టులు చాలు.

పవర్ బీఐ వాళ్లు పడే గోతి ఒకటుంది, ముందు అది చెప్తాను. అందులో "పబ్లిష్ టు వెబ్" అనే వెసులుబాటు ఉంది. అది నొక్కితే లింకు ఉన్నవాళ్లే కాదు, ఇంటర్నెట్‌లో ఎవరైనా లాగిన్ లేకుండా చూడొచ్చు. పైకి కనిపించే చార్టుతో ఆగదు, దాని వెనకున్న వివరాల డేటా కూడా బయటికి అందే వీలుంది. ఆఫీసు ఖాతాతో ఆఫీసు డేటాని అలా పెట్టారంటే ఉద్యోగం వెతుక్కోవడం కాదు, ఉన్నది ఊడుతుంది. వెండర్ల (సరఫరాదారుల) పేర్లు మార్చినా సరే, ఆఫీసు డేటా వద్దు. ఎక్సెల్‌లో తయారు చేసిన ఉత్తుత్తి ఇన్‌వాయిస్‌లు వాడండి లేదా ప్రభుత్వాలు బహిరంగంగా ఇచ్చే ఖర్చుల డేటా తీసుకోండి.

పైగా పవర్ బీఐ సర్వీస్‌కి ఆఫీసు లేదా కాలేజీ ఖాతా కావాలి, మామూలు జీమెయిల్ పనికిరాదు. కాబట్టి సులువైన దారి ఇది: పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో రిపోర్ట్ చేసి, ఆ ఫైల్‌ని గిట్‌హబ్‌లో పెట్టి, రీడ్‌మీలో (ప్రాజెక్టు పేజీలో కనిపించే వివరణ ఫైల్) 3 స్క్రీన్‌షాట్‌లు చూపించండి. చూసేవాళ్లు ఫైల్ దించుకుని తెరుస్తారని ఆశ పెట్టుకోవద్దు, స్క్రీన్‌షాటే చూస్తారు. బ్రౌజర్ నుంచి ఒక్కో ఫైల్ 25 ఎంబీ వరకే ఎక్కుతుంది. గిట్ కమాండ్‌తో అయితే 100 ఎంబీ దాటితే ఆపేస్తుంది. రిపోర్ట్ అంతకన్నా పెద్దదైతే డేటా తగ్గించండి. లైవ్‌గా నొక్కి చూడగలిగేదే కావాలంటే టాబ్లో పబ్లిక్ (చార్టులు వెబ్‌లో పెట్టే సర్వీస్) ఉచితం, అందులో పెట్టింది అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకుని పెట్టండి.

రీడ్‌మీలో ఏం రాయాలి? ఏ ప్రశ్నకి జవాబు వెతికారు, డేటా ఎక్కడిది, ఎన్ని వరసలు, ఏమేం శుభ్రం చేశారు, తేలినదేమిటి, ఏది తేలలేదు. ఈ చివరిది చాలామంది రాయరు, చదివేవాళ్లకి నమ్మకం కలిగేది దాంతోనే. మీకు సరిపోయే ఉదాహరణ: ఒకే బిల్లుకి రెండుసార్లు చెల్లింపు జరిగిందేమో పట్టుకోవడం. వెండర్, మొత్తం, తేదీ ఒకేలా ఉన్నవాటిని పట్టుకోవడం తేలిక. ఇన్‌వాయిస్ నంబర్‌లో ఒక సున్నా, ఒక గీత తేడాతో మళ్లీ ఎక్కించినవాటిని పట్టుకోవడంలో ఎస్‌క్యూఎల్ పనితనం కనిపిస్తుంది. ఆ క్వెరీని రీడ్‌మీలోనే చూపించండి.

మీ యూజర్‌నేమ్ ఏదైతే అదే పేరుతో ఒక పబ్లిక్ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) తెరిచి అందులో రీడ్‌మీ పెడితే అది మీ ప్రొఫైల్ పైన కనిపిస్తుంది. అదే మీ వెబ్‌సైట్ అనుకోండి. 6 ప్రాజెక్టుల దాకా పిన్ చేయొచ్చు, కానీ కోర్సులో అందరూ చేసిన టైటానిక్ ప్రయాణికుల డేటా నోట్‌బుక్‌లు నాలుగు పిన్ చేయడం కన్నా సొంతవి రెండే నయం.

రెండు జాగ్రత్తలు. సెట్టింగ్స్‌లో ఈమెయిల్ దాచే స్విచ్ వేయకపోతే ప్రతి కమిట్‌లో (మార్పు సేవ్ చేసిన ప్రతిసారీ పడే రికార్డు) మీ ఈమెయిల్ బయటపడుతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ పొరపాటున ఎక్కితే ఫైల్ తీసేసినంత మాత్రాన పోదు, పాత చరిత్రలో ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ మార్చేయండి, చరిత్ర శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు.

తలుపుగొళ్లెం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూసేయక్కర్లేదు, తలుపు దగ్గరికి వేస్తే చాలు. అసలు ఏం కనిపిస్తోందో చూడకుండా సెట్టింగ్స్ జోలికి వెళ్లొద్దు. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, మీ పేరు కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. తర్వాత పేరుతో పాటు ఊరు, పేరుతో పాటు కాలేజీ, పాత ఈమెయిల్, పాత యూజర్‌నేమ్. ఇమేజెస్ ట్యాబ్ కూడా చూడండి. అదే పేరున్న ఇంకొకరి గొడవలు మీ ఖాతాలో పడే వీలుంటే లింక్డ్‌ఇన్‌లో, రెజ్యూమెలో, గిట్‌హబ్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఒకే స్పెల్లింగ్‌తో, ఒకే ఫొటోతో పెట్టండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం అయితే మీరు ముగ్గురు మనుషులు.

ఫేస్‌బుక్ ప్రైవసీలో "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" ఉంది. పబ్లిక్‌గా, స్నేహితుల స్నేహితులకి ఉన్న పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి పరిమితమవుతాయి. దాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పలేం, కాబట్టి ఆలోచించి నొక్కండి. అయితే ఇతరులు పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేసినవి వాళ్ల సెట్టింగ్ ప్రకారమే ఉంటాయి. వాటిల్లో ట్యాగ్ తీసుకోవాలి. అదే ప్రైవసీలో సెర్చ్ ఇంజిన్‌లు ప్రొఫైల్‌కి దారి చూపడం ఆపే స్విచ్ కూడా ఉంది. వేశాక "వ్యూ యాజ్" నొక్కి బయటివాళ్లకి ఏం కనిపిస్తోందో చూడండి. ప్రొఫైల్ ఫొటో, కవర్ ఫొటో అందరికీ కనిపిస్తూనే ఉంటాయి.

నా ఉద్దేశంలో అసలు ప్రమాదం పార్టీ ఫొటోలు కాదు. ఆఫీసు గురించీ కస్టమర్ల గురించీ తిట్టిన పోస్టులు. చదివే మేనేజర్‌కి "రేపు మన గురించీ ఇలాగే రాస్తాడు" అనిపిస్తుంది. ముందు అవి తీయండి.

ఇక ఆన్‌లైన్ రెజ్యూమెలో ఉండకూడనివి: పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు నంబర్లు, సంతకం, తల్లిదండ్రుల పేర్లు, రిఫరెన్స్ ఇచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు. మీ వివరాలు మీ ఇష్టం, వాళ్ల నంబర్లు మీవి కావు. ఊరు పేరు చాలు. ఫోన్ నంబర్ కంపెనీకి నేరుగా పంపే కాపీలో ఉంటుంది, వెబ్‌లో ఉండేదాంట్లో వద్దు. ఉద్యోగాలకని విడిగా ఒక ఈమెయిల్ తెరిస్తే అడ్డమైన మెయిల్స్ అన్నీ అందులోనే పడతాయి.

గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తుంటే షేరింగ్‌ని "ఎనీవన్ విత్ ది లింక్", వ్యూయర్ అని మార్చారో లేదో చూసుకోండి. మార్చకపోతే అవతలివాళ్లకి "రిక్వెస్ట్ యాక్సెస్" కనిపిస్తుంది, ఎవరూ అడగరు, మూసేస్తారు. పొరపాటున ఎడిటర్ అని ఇస్తే ఇంకా దారుణం. ఫైల్ మార్చాలంటే కొత్తది అప్‌లోడ్ చేయకండి, "మేనేజ్ వెర్షన్స్"లో కొత్త వెర్షన్ ఎక్కించండి. లింకు మారదు.

సొంత పేజీ ఉండి, గూగుల్‌కి కనపడకూడదనుకుంటే నోఇండెక్స్ ట్యాగ్ (ఫలితాల్లో చూపొద్దని పేజీలోనే రాసే మాట) పెట్టాలి. ఆ పేజీని రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ ఇంజిన్‌లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైల్) కూడా అడ్డుకుంటే పని చెడుతుంది. గూగుల్ పేజీ తెరవలేదు కాబట్టి ఆ ట్యాగ్‌ని చదవలేదు. వేరే సైట్లలో లింకు దొరికితే అడ్రస్‌ని ఫలితాల్లో చూపించేస్తుంది.

మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రతివాడూ రిక్రూటర్ కాదు. ప్రొఫైల్ బాగుపడగానే రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి. ఈమెయిల్ డొమైన్ కంపెనీ సైట్‌తో కలుస్తోందా, ఆ ఉద్యోగం కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో ఉందా చూడండి. "టెస్ట్" పేరుతో యాప్ గానీ కోడ్ గానీ పంపి మీ కంప్యూటర్‌లో నడపమంటే, వాళ్లెవరో తేలేదాకా నడపొద్దు.

కొత్తదారి

అందరికీ ధన్యవాదాలండీ. రెండు చిక్కులు మిగిలాయి. "చేసిన పని అంకెలతో రాయండి" అంటారు, ఆఫీసు అంకెలు బయటపెట్టకూడదు కదా? నా హోదా "సీనియర్ అసోసియేట్ 2". అది ఎవరికీ అర్థం కాదు. "డేటా అనలిస్ట్" అని మార్చుకోవచ్చా?

నియామకాల_డెస్క్

హోదా మార్చొద్దు. నియామక పత్రంలో ఉన్నదే ఎక్స్‌పీరియన్స్ కింద ఉండాలి, తర్వాత వెరిఫికేషన్‌లో సరిపోల్చేది దాన్నే. అర్థం కావడానికి పక్కనే పని పేరు చేర్చొచ్చు: "సీనియర్ అసోసియేట్ 2, అకౌంట్స్ పేయబుల్ రిపోర్టింగ్". హెడ్‌లైన్‌లో మాత్రం వెళ్లదలచుకున్న రంగం రాసుకునే స్వేచ్ఛ ఉంది.

రెజ్యూమె_రిపేరు

అంకెల్లో దాచాల్సినవి డబ్బు మొత్తాలు, వెండర్ పేర్లు, లాభనష్టాలు. సమయం, తరచుదనం, పరిమాణం చెప్పడంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందం ఒకసారి చదివి చూసుకోండి. ఉదాహరణకి "నెలవారీ రిపోర్ట్‌ల బాధ్యత" అని ఉన్నచోట ఇలా రాయొచ్చు: "నెలాఖరు బకాయిల రిపోర్ట్‌ని చేత్తో చేసే పద్ధతి నుంచి పవర్ క్వెరీకి మార్చి, 2 రోజుల పనిని 3 గంటలకి తెచ్చాను, 4 సోర్స్ ఫైళ్లు, వాడేవాళ్లు 5గురు". ఇవి నమూనా అంకెలు, మీవి మీరు వేసుకోండి. ఇంటర్వ్యూలో "3 గంటలని ఎలా లెక్కేశారు?" అంటే చెప్పగలిగినదే రాయాలి.

ఫైల్ పేరు "రెజ్యూమె ఫైనల్ 3 కొత్తది" అని ఉంటే మార్చండి. పేరు, హోదా, మధ్యలో గీత, అంతే. పీడీఎఫ్ ప్రాపర్టీస్ కూడా తెరిచి చూడండి. టెంప్లేట్ చేసినవాడి పేరో, పాత కంపెనీ పేరో ఆథర్ దగ్గర ఉండిపోతుంది, బ్రౌజర్ ట్యాబ్ మీద టైటిల్‌గా "డాక్యుమెంట్ 1" కనిపిస్తుంది. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫోలోకి వెళ్లి సరిచేసి మళ్లీ పీడీఎఫ్ చేయాలి.

గడియారం

పైవాళ్లు చెప్పనిది ఒకటి. ఏ సైట్‌లోనో నింపి వదిలేసిన రెజ్యూమె మీది కాదు, ఆ సైట్‌ది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో (ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్) డెవలపర్ స్టోరీ అని మంచి ప్రొఫైల్ పేజీ ఉండేది, 2022 మార్చిలో జాబ్స్‌తో పాటు ఆపేశారు. దాని లింకే రెజ్యూమెలో పెట్టుకున్నవాళ్లకి ఏం మిగిలిందో ఊహించుకోండి. మామూలు వర్డ్ ఫైల్‌లో ఒక మూలప్రతి ఉంచుకోండి: ప్రతి ఉద్యోగం, తేదీలు, ప్రాజెక్టులు, అంకెలు, ఎంత పొడుగైనా పర్లేదు. లింక్డ్‌ఇన్‌లో ఏది మార్చినా ముందు దాంట్లో మార్చి తర్వాత అక్కడ. లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీ కింద మీ డేటా కాపీ దించుకునే వీలుంది, ఆరు నెలలకోసారి దించండి.

రెజ్యూమె మీద క్యూఆర్ కోడ్ పెట్టే ఆలోచన ఉంటే, ఉచిత సైట్లు ఇచ్చే "డైనమిక్" కోడ్ వద్దు. అది వాళ్ల సర్వర్ మీదుగా పోతుంది, ట్రయల్ అయిపోగానే చచ్చిపోతుంది. "స్టాటిక్" కోడ్‌లో మీ లింకే నేరుగా ఉంటుంది. నిజానికి స్క్రీన్ మీద చదివే రెజ్యూమెకి క్యూఆర్ దండగ, నొక్కే లింకు చాలు.

రోజూ పోస్టులు పెట్టాలని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి. అనలిస్ట్ ఉద్యోగానికి వారానికి రెండు గంటలుంటే అవి ప్రాజెక్టు మీద పెట్టడమే లాభం. నేరుగా మెసేజ్ పెట్టడం మాత్రం పనికొస్తుంది. రిక్రూటర్ కన్నా ఆ టీమ్ మేనేజర్‌కి రాయండి, 200 అక్షరాల లోపు: "నమస్తే. మీ టీమ్‌లో ఫైనాన్స్ అనలిస్ట్ ఖాళీకి దరఖాస్తు చేశాను. 6 ఏళ్ల అకౌంట్స్ అనుభవం, ఎస్‌క్యూఎల్‌తో డూప్లికేట్ చెల్లింపులు పట్టుకునే ప్రాజెక్టు ఈ లింకులో ఉంది." ముందు దరఖాస్తు, తర్వాత మెసేజ్. తిరగేసి చేస్తే "సైట్‌లో అప్లై చేయండి" అనే జవాబే వస్తుంది.

కొత్తదారి

నోట్‌ప్యాడ్ పరీక్ష చేశా. ఫోన్ నంబర్ అసలు రాలేదు, ఎడమ పట్టీలోని స్కిల్స్ అన్నీ మొదట వచ్చి పేరు 14వ లైన్‌లో పడింది. టెంప్లేట్ వదిలేసి ఖాళీ వర్డ్ ఫైల్‌లో మళ్లీ రాశాను. ఇప్పుడు వరస సరిగ్గా ఉంది గానీ తేదీలన్నీ ఉద్యోగాల కింద విడి లైన్లలో పడుతున్నాయి. ఎందుకు?

రెజ్యూమె_రిపేరు

తేదీని కుడి అంచుకి జరపడానికి టేబుల్ వాడి ఉంటారు. టేబుల్ తీసేసి, హోదా లైన్‌లోనే రైట్ ట్యాబ్ పెట్టండి: పైన రూలర్ మీద కుడి అంచు దగ్గర ట్యాబ్ స్టాప్, హోదాకీ తేదీకీ మధ్య ఒక్క ట్యాబ్. స్పేస్‌బార్ నొక్కుతూ జరపకండి, ఫాంట్ మారగానే అంతా కదిలిపోతుంది. మళ్లీ పీడీఎఫ్ చేసి, మళ్లీ నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి.